కెమెరా ముందు బొమ్మ, ఒళ్లో పుస్తకం: చిన్నపిల్లలకు కథ ఎలా కట్టాలి

చేతికి తొడుక్కునేదీ బొమ్మే, పుస్తకంలో గీసేదీ బొమ్మే. తెలుగులో రెండింటికీ ఒకే మాట ఉండటం నాకు భలే నచ్చుతుంది, ఎందుకంటే పిల్లల దగ్గర ఆ రెండూ చేసే పని దాదాపు ఒకటే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం ఒక చేతిబొమ్మను తయారుచేసి, దానితో టీవీలో చూసే చిన్న కథ తీసి, అదే కథను పుస్తకంగానూ తేవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. స్టూడియో అక్కర్లేదు. ఒక ఫోను, ఒక టీవీ, కాస్త ఫోమ్, గుడ్డ, బోలెడంత ఓపిక ఉంటే చాలు.

చాలామంది సూదీ దారంతో మొదలుపెడతారు. నేనూ అలాగే మూడు వారాలు కూర్చుని ఒక కోతిని కుట్టాను. తీరా కెమెరా ముందు పెట్టాక దానికి ఏం కావాలో, దేనికి భయపడుతుందో నాకే తెలియదు. "హలో పిల్లలూ" అని చెయ్యి ఊపడం తప్ప అది ఇంకేమీ చేయలేకపోయింది. ఎదురుగా కూర్చున్న పిల్లలు రెండు నిమిషాల్లో లేచి ఆటలకు పోయారు. అందుకే ముందు కథ, ఆ తర్వాతే సూది.

బొమ్మకు ఏం తెలియదో తేల్చుకోండి

ఒక కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ బొమ్మకు ఏం కావాలి? దానికి ఏది అడ్డుపడుతోంది? చూసే పిల్లలకు తెలిసి, బొమ్మకు మాత్రం తెలియనిది ఏమిటి? మొదటి రెండూ ఏ కథకైనా ఉండాల్సినవే. పిల్లల కథకు ప్రాణం మూడోదానిలో ఉంటుంది.

నాలుగేళ్ల బిడ్డకు రోజంతా ఎవరో ఒకరు ఏదో ఒకటి నేర్పుతూనే ఉంటారు. చెప్పులు ఇలా వేసుకో, గ్లాసు అలా పట్టుకో, ఇది ముట్టుకోకు. ఇంట్లో తనకంటే తక్కువ తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. అలాంటి బిడ్డ ముందుకు తనకంటే అమాయకమైన ఒక గాడిదపిల్ల వచ్చి నిలబడితే ఒక్కసారిగా పెద్దరికం వచ్చేస్తుంది. లేచి నిలబడి మరీ దారి చూపిస్తుంది.

ఈ వ్యాసమంతా పనికొచ్చేలా ఒక చిన్న కథ అనుకుందాం. టింకు అనే గాడిదపిల్లకు నాలుగు సాక్సులు. మూడు దొరికాయి, నాలుగోది కనబడదు. ఇల్లంతా వెతుకుతుంది. ఆ నాలుగో సాక్సు దాని ఎడమ చెవికే తొడిగి ఉంటుంది. అంతే కథ. పెద్దవాళ్లకు ఇది మరీ చిన్నదిగా అనిపించవచ్చు. పిల్లలకు మాత్రం అది పట్టరాని రహస్యం.

ఈ పద్ధతి నవ్వించడానికే అనుకోకండి. అమెరికాలో 1969 నవంబర్ 10న మొదలైన సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమంలో బిగ్ బర్డ్ అనే పెద్ద పసుపు పక్షి ఉంటుంది. ఎత్తు ఎనిమిది అడుగుల పైమాటే, మనసు మాత్రం చిన్నపిల్లలది. అందులో మిస్టర్ హూపర్ అనే దుకాణదారు పాత్ర వేసిన నటుడు విల్ లీ 1982 డిసెంబర్‌లో చనిపోయారు. ఆ పాత్ర ఊరు వదిలి వెళ్లిపోయిందని ఒక్క మాటతో దాటేయవచ్చు. వాళ్లు దాటేయలేదు. 1983 నవంబర్‌లో వచ్చిన భాగంలో బిగ్ బర్డ్ అందరి బొమ్మలూ గీసి పంచుతుంది, హూపర్ బొమ్మను ఆయన వచ్చాక ఇస్తానంటుంది. ఆయన చనిపోయారని, ఇక రారని పెద్దవాళ్లు సూటిగా, నిదానంగా చెబుతారు. బిడ్డ మనసులో ఉండే ప్రశ్నలన్నీ ఆ పక్షే అడుగుతుంది. బిడ్డ అడగలేనిది తెలియని బొమ్మ అడగగలదు. మీ కథలో భయమో దుఃఖమో ఉంటే ఈ దారిలోనే వెళ్లండి.

కథ మిగతా అల్లిక

ఇక్కడ ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఒకే చిక్కు, దానికి మూడు ప్రయత్నాలు, ప్రతిసారీ తిరిగి వచ్చే ఒక మాట. టింకు ప్రతి చోటా వెతికి "ఇక్కడా లేదే!" అంటుంది. రెండోసారికే పిల్లలు ఆ మాట దానితో కలిసి అంటారు. నిడివి మూడు నిమిషాలు దాటనివ్వకండి. చివర్లో "చూశారా పిల్లలూ, వస్తువులు జాగ్రత్తగా పెట్టుకోవాలి" లాంటిది రాయాలని చెయ్యి దురద పెడుతుంది. రాయకండి. సాక్సు దొరికిన సంతోషం మీద నీళ్లు చల్లినట్టు అవుతుంది.

ఇప్పుడు సూది తీయండి

అర అంగుళం మందం ఉన్న మెత్తటి ఫోమ్ షీటు, దాని మీద తొడగడానికి కాస్త సాగే నూగు గుడ్డ తీసుకోండి. ముందుగా నోరు చేయాలి. గట్టి అట్టను కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి మధ్యకు మడవండి. పై సగానికి నాలుగు వేళ్లు, కింది సగానికి బొటనవేలు దూరేలా వెనకవైపు గుడ్డ పట్టీలు అంటించండి. ఈ పట్టీలు వదులుగా ఉంటే నోరు చేతినుంచి జారిపోతూ ఉంటుంది, కాబట్టి మీ వేళ్ల కొలతకే చేయండి. దాని చుట్టూ ఫోమ్‌తో తల, తలకు గుడ్డ, మెడ నుంచి మోచేతి దాకా దిగే గుడ్డ గొట్టం. బొమ్మ చేతుల్లో ఒకదానికి సన్నటి గట్టి తీగ కట్టి కిందనుంచి ఆడించవచ్చు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు కుడిచేతిని తలలో పెట్టి, ఎడమచేత్తో తీగ పట్టుకుంటారు. టీవీలో కనిపించే ఈ రకం బొమ్మలు చాలావరకు ఎడమచేతి వాటంగా ఉండటానికి కారణం అదే.

ఖరీదైన సామాను కోసం ఆగిపోవద్దు. సెసమీ స్ట్రీట్ బొమ్మల్ని రూపొందించిన జిమ్ హెన్సన్, తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న కెర్మిట్ అనే చేతిబొమ్మను 1955లో మొదటిసారి చేసింది వాళ్లమ్మగారి పాత కోటు గుడ్డ, రెండుగా కోసిన పింగ్‌పాంగ్ బంతితోనే. అంతకు మించి పెద్దగా ఏమీ లేదు.

అసలు ఆలస్యం చేయాల్సింది కళ్ల దగ్గర. రెండు అర బంతులు తీసుకుని తెల్లగా ఉంచండి. నల్లగుడ్లు మాత్రం వెంటనే అంటించకండి. నల్ల కాగితంతో రెండు గుండ్రటి చుక్కలు కత్తిరించి కొద్దిగా జిగురుతో తాత్కాలికంగా పెట్టండి. ముందు సరిగ్గా కంటి మధ్యలో పెట్టి, మూడు అడుగుల దూరం నుంచి ఫోను కెమెరాలో చూడండి. బొమ్మ గోడవైపో, ఎటో శూన్యంలోకో చూస్తున్నట్టు ఉంటుంది. ఇప్పుడు రెండు చుక్కల్నీ ఒక గింజంత ముక్కువైపు జరపండి. చటుక్కున అది మిమ్మల్నే చూస్తుంది. మొదటిసారి ఇది జరిగినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, అప్పటిదాకా గుడ్డ అనుకున్నది ఎవరో అయిపోయింది. హెన్సన్ దగ్గర బొమ్మలు చేసిన డాన్ సాలిన్ కళ్లకూ ముక్కుకూ మధ్య ఉండే ఈ పొందికను మాయా త్రికోణం అనేవారట. మరీ ఎక్కువ జరిపితే మెల్లకన్ను అవుతుంది. ఒక సాయంత్రమంతా దీనికే కేటాయించినా దండగ కాదు.

ఒక జాగ్రత్త. మూడేళ్లలోపు పిల్లలు ఉన్నచోట ఈ బొమ్మను వాళ్ల చేతికి ఇవ్వకండి, ఊడిన కన్ను నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది. పిల్లలు ఆడుకోవడానికి ఇంకోటి చేసి, కళ్లను దారంతో కుట్టేయండి.

నోరు, మాట

కొత్తవాళ్లు మాట పలికేటప్పుడు నోరు మూస్తారు. బొమ్మ మాటల్ని కొరికి తింటున్నట్టు ఉంటుంది. అక్షరం పలికినప్పుడు నోరు తెరుచుకోవాలి. పై నాలుగు వేళ్లు కదలకూడదు, బొటనవేలే కిందికి దిగాలి. మన దవడ కదిలేదీ అలాగే కదా. వేళ్లు పైకి లేపితే మాట మాటకూ బొమ్మ తల వెనక్కి విరిచినట్టు అయి, చూపు చెదురుతుంది.

తెలుగుకు ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అంటే వాక్యం అయిపోయేసరికి బొమ్మ నోరు తెరిచే ఉంటుంది. చివరి అక్షరం తర్వాత మెల్లగా మూయడం అలవాటు చేసుకోకపోతే ప్రతి వాక్యానికీ నోరెళ్లబెట్టినట్టు కనిపిస్తుంది. "అమ్మ" అనండి. 'అ' దగ్గర తెరుచుకుంటుంది, 'మ్మ' పలికేటప్పుడు పెదవులు కలుస్తాయి, మళ్లీ తెరుచుకుంటుంది, ఆ తర్వాత మూత. "గాడిద" అంటే మూడుసార్లు తెరవాలి, కానీ 'గా' దగ్గర బాగా, 'డి' దగ్గర కొద్దిగా. హ్రస్వం, దీర్ఘం తేడా మీ బొటనవేలికి తెలియాలి. రోజుకు పది నిమిషాలు అద్దం ముందు ఏదైనా గేయం పెట్టుకుని చేతిని ఆడించండి. రెండు వారాల్లో చెయ్యి మాట వింటుంది.

మాట్లాడటం కన్నా కష్టమైనది వినడం. ఎదుటివాళ్లు చెబుతున్నప్పుడు మీ బొమ్మ ఏం చేస్తోంది? ఊరికే వేలాడుతుంటే అది చచ్చిపోయినట్టే. కాస్త తల వంచి, ఓ క్షణం ఆగి, కొద్దిగా ముందుకు వంగితే ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. మణికట్టు చేసే పని ఇది.

తెర చూస్తూ ఆడించడం

అమెరికా టీవీలో 1947లో మొదలైన కుక్లా, ఫ్రాన్ అండ్ ఆలీలో చేతిబొమ్మలు చిన్న రంగస్థలం మీద కనిపించేవి, పక్కన ఫ్రాన్ అనే ఆవిడ నిలబడి వాటితో కబుర్లు చెప్పేది. హెన్సన్ 1955లో శామ్ అండ్ ఫ్రెండ్స్ అనే టీవీ బొమ్మలాట మొదలుపెట్టినప్పుడు ఆ రంగస్థలాన్ని తీసేశాడు. టీవీ తెర అంచులే రంగస్థలం అనుకున్నాడు. ఆడించేవాళ్లు ఫ్రేమ్ కింద దాక్కుని, ముందున్న మానిటర్‌లో బొమ్మను చూసుకుంటూ ఆడిస్తారు. అప్పటినుంచి టీవీ బొమ్మలాట పద్ధతే మారిపోయింది. మీరూ అదే చేయాలి.

ఫోనును స్టాండుకు బిగించి, వెనక కెమెరా మీవైపు ఉండేలా పెట్టండి. దాని దృశ్యం కేబుల్‌తో టీవీలో కనిపించాలి. వైఫైతో పంపితే బొమ్మ కదిలిన కాసేపటికి తెర మీద కదులుతుంది, ఆ తేడాతో చెయ్యి తికమకపడుతుంది. మీరు కెమెరా కంటే కింద, కుర్చీలోనో నేల మీదో కూర్చుని చేతిని నిటారుగా ఎత్తండి. మొదటిరోజు తప్పకుండా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మీరు కుడికి జరిగితే తెర మీద బొమ్మ ఎడమకు పోతుంది. సెల్ఫీ కెమెరాలో ఈ ఇబ్బంది ఉండదని దాంతో సాధన చేయకండి, అది అద్దంలా తిప్పి చూపిస్తుంది, తప్పు అలవాటు పడుతుంది. నాలుగైదు రోజులు విసుగు వచ్చినా అసలు దృశ్యంతోనే చేయండి.

తెర మీద బొమ్మ కళ్లు ఉండాల్సిన ఎత్తులో చిన్న టేపు ముక్క అంటించుకోండి. చెయ్యి నొప్పెట్టేకొద్దీ బొమ్మ మనకు తెలియకుండానే కిందికి దిగిపోతుంది. చూసేవాళ్లకు అది ఊబిలో కూరుకుపోతున్నట్టు ఉంటుంది. చేతిని పైకెత్తినప్పుడు బొమ్మ సహజంగా పైకప్పువైపు చూస్తుంది కనుక మణికట్టును ముందుకు వంచి, చూపు సరిగ్గా లెన్సులోకి పడేలా పట్టుకోండి. రావడం, పోవడం పక్కనుంచి జరగాలి, చిన్నచిన్న అడుగులు వేస్తున్నట్టు. నిలువునా కిందికి లాగేస్తే బొమ్మ బావిలో పడిందనుకుని ఏడ్చిన బిడ్డను చూశాను. ఒక్కో ముక్క అర నిమిషం చొప్పున తీయండి, చెయ్యి దించండి, మళ్లీ తీయండి.

పిల్లల కోసం ఖాళీ వదలండి

టింకు మొదటిసారి తెర మీదకు వచ్చినప్పుడే చెవికి సాక్సు ఉండాలి. దాని గురించి ఎవరూ ఏమీ అనకూడదు. అది లెన్సులోకి చూసి "నా సాక్సు మీకేమైనా కనిపించిందా?" అని అడగాలి. ఆ తర్వాత మీరు చేయాల్సిన అతి కష్టమైన పని, ఏమీ చేయకపోవడం. మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి. తీసేటప్పుడు ఐదు సెకన్లు ఒక యుగంలా అనిపిస్తుంది, ఎడిటింగ్‌లో కోసేయాలనిపిస్తుంది. కోయకండి. ఆ ఐదు సెకన్లలో గదిలో పిల్లలు "చెవికి! చెవికి!" అని అరుస్తుంటారు. టింకు చెవి ఒగ్గి విని, "ఏంటీ, చెదలకా?" అని తప్పుగా అర్థం చేసుకుంటే ఇక పట్టపగ్గాలుండవు.

1996లో మొదలైన బ్లూస్ క్లూస్ అనే కార్యక్రమం ఇలా అడిగి ఆగడాన్నే ఆయువుపట్టుగా చేసుకుంది. పైగా ఒకే భాగాన్ని సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వేసేవారు. మొదటిరోజు నోరు తెరుచుకుని చూసిన పిల్లలు, చివరికొచ్చేసరికి ముందే జవాబులు చెప్పేవారు. మీ బిడ్డ ఒకే వీడియోను పదిసార్లు అడిగితే విసుక్కోవద్దు. ప్రతిసారీ తనకు తెలిసింది ఇంకాస్త పెరుగుతోంది.

కల్పన, నిజం

మనుషుల్ని, బొమ్మల్ని ఒకే చోట కలపాలా? పేరున్న ఇద్దరు దీనికి రెండు రకాలుగా జవాబు చెప్పారు. 1968లో అమెరికా అంతటా మొదలైన మిస్టర్ రోజర్స్ కార్యక్రమంలో ఫ్రెడ్ రోజర్స్ ఇల్లు వేరు, చేతిబొమ్మల ఊహాలోకం వేరు, మధ్యలో ఒక చిన్న ట్రాలీ బండి. ఏది నిజమో ఏది ఊహో బిడ్డకు తేటగా ఉండాలని ఆయన పట్టుదల. సెసమీ స్ట్రీట్ వాళ్లూ మొదట నిపుణుల సలహాతో వీధి దృశ్యాల్లో మనుషుల్నే ఉంచారు. 1969 వేసవిలో నమూనా భాగాలు పిల్లలకు చూపిస్తే మనుషుల ముక్క రాగానే చూపులు పక్కకు పోయాయి. అప్పుడే బిగ్ బర్డ్, చెత్తడబ్బాలో ఉండే బొమ్మ ఆస్కార్ ఆ వీధిలోకి వచ్చారు.

నా మటుకు నాకు, భయం, కోపం, చావు లాంటి బరువైన కథ అయితే పక్కన ఒక మనిషి ఉండటం మేలు. బిడ్డకు పట్టుకోవడానికి ఒక చెయ్యి దొరుకుతుంది. టింకు సాక్సు కథకు మనిషి అక్కర్లేదు.

పిల్లల ముందు పెట్టి చూడండి

సెసమీ స్ట్రీట్ పరిశోధకుడు ఎడ్వర్డ్ పామర్ పిల్లల ముందు కార్యక్రమం వేసి, పక్కన ఇంకో తెర మీద ఏడున్నర సెకన్లకొకసారి మారే రంగుల స్లైడ్లు పెట్టేవారు. పిల్లల చూపు ఎప్పుడు అటు మళ్లిందో రాసుకునేవారు. ఇంట్లో దీనికి తగ్గట్టు చేయడం సులువే. గదిలో ఆటవస్తువులు మామూలుగా పడి ఉండనివ్వండి. ముగ్గురు నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి వీడియో వేయండి. మీరు తెరను కాదు, పిల్లల కళ్లను చూడండి. ఎవరు, ఏ క్షణంలో తల తిప్పారో నోటుబుక్కులో రాసుకోండి. "బాగుందా?" అని అడగకండి, మిమ్మల్ని సంతోషపెట్టడానికి బాగుందనే అంటారు. నా ఒక వీడియోలో సరిగ్గా నిమిషం నలభై సెకన్ల దగ్గర ముగ్గురూ కింద ఉన్న కారు బొమ్మ వైపు తిరిగారు. అక్కడ బొమ్మ తన బాధను వివరిస్తోంది. ఆ వివరణ తీసేసి, ఖాళీ డబ్బాలో తల పెట్టి వెతికేలా మార్చాను. కారు అలాగే పడి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

అదే కథ, పుస్తకంగా

ఇక్కడ చాలామంది వీడియోలోని మాటల్ని యథాతథంగా పేజీల్లో దించేస్తారు. పుస్తకానికి కదలిక లేదు, గొంతు లేదు. కానీ వీడియోకు లేని ఒక గొప్ప వసతి ఉంది, పేజీ తిప్పడం. ఎప్పుడు తిప్పాలో నిర్ణయించేది బిడ్డ వేలు.

పిల్లల బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలు ఉంటాయి. పెద్ద కాగితం మీద పదహారేసి పేజీలుగా అచ్చువేసి మడవడం వల్ల ఆ లెక్క వచ్చింది. మొదటి కొన్ని పేజీలు శీర్షికకూ ప్రచురణ వివరాలకూ పోతే, కథకు 12 నుంచి 14 జత పేజీలు, అంటే పుస్తకం తెరిస్తే పక్కపక్కన కనిపించే రెండేసి పేజీలు, మిగులుతాయి. ఎనిమిది తెల్లకాగితాల్ని ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకు మడిచి కుట్టండి, 32 పేజీల నమూనా పుస్తకం తయారవుతుంది. దాంట్లో పెన్సిల్‌తో గీతల మనుషుల్లా గబగబా గీసేయండి. అందంగా గీయడం మొదలుపెడితే మార్చడానికి మనసు ఒప్పదు.

ప్రతి కుడి పేజీ చివర ఒక కొక్కెం ఉండాలి. "టింకు మంచం కిందికి దూరింది. అక్కడ..." అని ఆపండి. తిప్పితే ధూళి, ఒక పాత బంతి, నిద్రపోతున్న పిల్లి. సాక్సు లేదు. ఇప్పుడు గీసిన బొమ్మను, రాసిన వాక్యాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. బొమ్మలో ఉన్నదే వాక్యం చెబుతుంటే వాక్యం కొట్టేయండి. "టింకు ఎడమ చెవికి ఎర్ర సాక్సు ఉంది" అని రాశారో, కథ అక్కడే అయిపోయింది. వాక్యం "ఇక్కడా లేదే!" అనాలి, బొమ్మ మాత్రం చెవిని చూపిస్తూనే ఉండాలి. చదివి వినిపించే పెద్దవాళ్లకు వాక్యం, చదవడం రాని బిడ్డకు బొమ్మ. అలా బిడ్డకే ఎక్కువ తెలుస్తుంది. అద్దం ముందు టింకు నిలబడే జత పేజీల్లో ఒక్క మాటా పెట్టకండి.

చేతిబొమ్మకు కాళ్లుండవు, ఫ్రేమ్ కింద మీ చెయ్యే ఉంటుంది. పుస్తకంలో నాలుగు కాళ్లూ చూపించవచ్చు, మూడు ఎర్రగా, ఒకటి ఒట్టిగా. ఈ అవకాశాన్ని వదులుకోకండి.

అచ్చు పని దగ్గర రెండు మాటలు. జత పేజీల మధ్య మడతలో టింకు ముఖం పడకూడదు, కుట్టులో మింగుడు పడిపోతుంది. తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కనుక వరుసల మధ్య ఇంగ్లీషు పుస్తకం కంటే ఎక్కువ ఖాళీ ఇవ్వండి. అచ్చుకు ఇచ్చే ముందు ఆ వాక్యాలు తెలియనివాళ్ల చేత ఒకసారి గట్టిగా చదివించండి. వాళ్లు తడబడ్డ చోటల్లా వాక్యం మార్చాలి.

రెండింటినీ ఒక దగ్గర చేర్చడం

ముందు వీడియో చూపించాలా, పుస్తకమా అని అడుగుతుంటారు. ఏదైనా సరే, కానీ ఒకేరోజు రెండూ వద్దు. మర్నాడు ఒళ్లో కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచి, ఒక చేతికి బొమ్మ తొడుక్కోండి. బొమ్మ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకోవాలి. బిడ్డే సరిచేసి ఇస్తుంది. చదువుతూ "ఇదేంటి?" అని పేర్లు అడగడం కంటే "ఇప్పుడేమవుతుంది? ఎందుకలా చేసింది?" అని అడగండి. గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా ప్రశ్నలతో చదివించిన పిల్లలు మాట నేర్పులో ముందుకు వెళ్లారు. ఆ ప్రశ్నలు మీరు కాకుండా టింకు అడిగితే ఇంకా మేలు, పరీక్ష పెడుతున్నట్టు ఉండదు.

మూడో రోజుకో నాలుగో రోజుకో బిడ్డ బొమ్మను తన చేతికి తొడుక్కుంటానంటుంది. ఇచ్చేయండి. వేళ్లు పట్టీల దాకా అందవు, నోరు వంకరగా తెరుచుకుంటుంది, చూపు పైకప్పు మీదే ఉంటుంది. సరిచేయకండి. ఆ గాడిదపిల్ల మీవైపు తిరిగి ఏదో అడుగుతుంది. జవాబు మీకు తెలిసినా, తెలియనట్టే ఉండండి.